కొల్లేరును కుదిస్తే తప్పు దిద్దినట్టు కాదు

కొల్లేరు అభయారణ్యం విఫలమైందట. పక్షులను కాపాడలేకపోయిందట, మనుషులకు తిండి లేకుండా చేసిందట. కాబట్టి అయిదో కాంటూరు నుంచి మూడో కాంటూరుకు తగ్గించెయ్యాలట. పాతికేళ్లుగా ఈ మాట వింటున్నాం. ఎన్నికల సభల్లో వింటాం, చేపల చెరువుల యజమానుల సమావేశాల్లో వింటాం, ఒక్కోసారి చదువుకున్న పెద్దమనుషుల నోటా వింటాం. పార్టీలు మారినా పాట మారదు. 2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఇదే కోరుతూ తీర్మానం కూడా చేసింది.

ఈ వాదనలో సగం నిజం. అందుకే అది అంత తేలిగ్గా నమ్మిస్తుంది. కొల్లేరు అభయారణ్యం నిర్వహణ బాగాలేదన్నది నిజం. సరిహద్దులు నేల మీద సరిగ్గా గుర్తించలేదన్నది నిజం. కూల్చిన చేపల చెరువుల గట్లు మళ్లీ లేచాయన్నది నిజం. పట్టాదారుల హక్కులు తేల్చకుండా ఏళ్ల తరబడి నానబెట్టారన్నదీ నిజమే. ఈ నిజాలన్నీ చెప్పి, చివర్లో "అందుకని సరస్సును తగ్గించండి" అంటారు. అక్కడే వాదన అబద్ధంలోకి జారిపోతుంది. కాపలా సరిగ్గా లేదని ఇల్లే రాసిమ్మంటే ఎవరైనా ఒప్పుకుంటారా? ఒక అభయారణ్యాన్ని పట్టించుకోకపోవడం ఒక నేరం. ఆ నేరాన్నే సాకుగా చూపించి దాన్ని ముక్కలు చెయ్యడం రెండో నేరం.

ముందు కాంటూరు సంగతి తేల్చుకుందాం. ఈ మాట వెనకే అసలు మోసం దాక్కుంది. మూడు, అయిదు అంటే సముద్ర మట్టానికి ఎన్నడుగుల ఎత్తున నీరు నిలుస్తుందన్న లెక్క. నీటిమట్టం మూడడుగులుంటే కొల్లేరు విస్తీర్ణం సుమారు 135 చదరపు కిలోమీటర్లు. అయిదడుగులకు వస్తే 308. పదడుగులకు వస్తే 901. అటు కృష్ణా డెల్టా, ఇటు గోదావరి డెల్టా, మధ్యలో పళ్లెంలా చదునైన పల్లం. నీళ్లు రెండడుగులు పెరిగితే చాలు, సరస్సు రెండింతలకు మించి పరుచుకుంటుంది. 1999 అక్టోబరు 4న 120వ నంబరు జీవో ద్వారా ప్రభుత్వం అభయారణ్యంగా ప్రకటించింది ఈ 308 చదరపు కిలోమీటర్లనే. 2002లో కొల్లేరును అంతర్జాతీయ ప్రాముఖ్యం గల చిత్తడి నేలగా రామ్‌సర్ జాబితాలో చేర్చినప్పుడు లెక్కలోకి తీసుకున్నది ఇంకా పెద్దది, పదో కాంటూరు వరకు.

అంటే అయిదు నుంచి మూడుకు తగ్గించడం వినడానికి రెండడుగుల తేడాగా ఉంటుంది కానీ, పోయేది 173 చదరపు కిలోమీటర్లు. ఎకరాల్లో చెప్పాలంటే నలభై రెండు వేల పైచిలుకు. అభయారణ్యంలో సగానికి పైగా ఒక్క సంతకంతో చేజారిపోతుంది. "కొంచెం సవరణ" అని సభల్లో చెప్పేది దీన్నే.

ఆ పోయేది ఎలాంటి నేలో కూడా చూడాలి. అది మెట్ట కాదు, పనికిరాని బీడూ కాదు. వర్షాకాలంలో చీలమండ లోతు నుంచి మోకాలు లోతు వరకు నీళ్లు నిలిచే అంచు అది. కొల్లేరు ప్రాణం ఉన్నది అక్కడే. నత్తగుల్ల కొంగను దగ్గరగా చూసినవాళ్లకు దాని ముక్కు గుర్తుండే ఉంటుంది. మూసినా పూర్తిగా మూసుకోదు, పైదవడకీ కిందిదవడకీ మధ్య ఒక సందు ఉండిపోతుంది. నత్తలను పట్టి తినడానికి పుట్టిన ముక్కు అది. నత్తలుండేది లోతులేని నీళ్లలో, నాచు మొలిచే బురదలో. ఆ కొంగ నిలబడి నడవగలిగినంత లోతే దాని పొలం.

కొర్రమేనుదీ అదే కథ. కొత్తనీరు రాగానే అది కలుపుమొక్కల మధ్య చిన్న జాగా శుభ్రం చేసుకుని గుడ్లు పెడుతుంది. పిల్లలయ్యాక తల్లీ తండ్రీ వాటిని వదలవు. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైకి తేలి కదులుతుంటే కిందనే పెద్దచేప కాపు కాస్తుంటుంది. చేపలు పట్టే మావులు పెట్టుకుని బతికిన లంక ఊళ్ల వాళ్లకు ఇది పాఠం చెప్పాల్సిన విషయం కాదు. ఆ అంచు ఎండితే, లేదా గట్టు పోసి లోతుగా తవ్వేస్తే, కొర్రమేనుకు పొదిగే చోటు ఉండదు. కొంగకు తిండి ఉండదు. సంప్రదాయ వేటగాడికి చేప ఉండదు. మూడో కాంటూరు కావాలనేవాళ్లు ఇచ్చెయ్యమంటున్నది సరిగ్గా ఈ భాగాన్నే.

ఇక వాళ్ల రెండో మాటకు వద్దాం. "చెరువులొచ్చాకే పక్షులు పెరిగాయి. ఆటపాకకు వెళ్లి చూడండి, గూడబాతులతో కళకళలాడుతోంది. చేపల చెరువులు వాటికి తిండి పెడుతున్నాయి" అంటారు. ఇది అన్నిటికన్నా ఎక్కువ చెలామణి అవుతున్న వాదన, అన్నిటికన్నా బలహీనమైనది కూడా.

ఆటపాకలో గూడబాతులున్న మాట వాస్తవమే. చలికాలంలో కైకలూరు వైపు వెళ్లినవాళ్లు వాటిని చూడకుండా రారు. అవి ఎక్కడ గూళ్లు కడుతున్నాయో మాత్రం జాగ్రత్తగా చూడండి. చాలావరకు అటవీశాఖ నీళ్లలో పాతిన ఇనుప స్టాండ్ల మీద. గూడు కట్టుకోవడానికి తగినన్ని చెట్లు మిగలక మనం ఇనుము పాతాల్సి వచ్చింది. ఆ స్టాండ్లు వెయ్యడం మంచి పనే, వేసినవాళ్లను తప్పు పట్టను. కానీ గూడు కట్టే చెట్టు కూడా మిగలని చోటును చూపించి సరస్సు ఆరోగ్యంగా ఉందనడం న్యాయం కాదు.

గూడబాతు ఒక ఏడాది కనబడింది కాబట్టి ఎప్పటికీ ఉంటుందనుకోవడం ఎంత పొరపాటో ఈ జిల్లాల చరిత్రే చెబుతుంది. 1946లో పక్షి పరిశీలకుడు కె.కె. నీలకంఠన్ పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడు ప్రాంతంలో గూడబాతుల గూళ్లు గుర్తించి, 1949లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో వాటి గురించి రాశారు. ఊళ్ల మధ్య చెట్ల మీద, మనుషుల పక్కనే కట్టుకున్న గూళ్లవి. ఊరివాళ్లు వాటి జోలికి వెళ్లేవాళ్లు కాదు. తర్వాతి దశాబ్దాల్లో ఆ గూళ్లు మాయమయ్యాయి. గూడబాతు మనతో పేచీ పెట్టుకోదు, కోర్టుకు వెళ్లదు. చెట్లు పోతే, నీళ్లు చెడితే, ఒక సీజన్‌లో వచ్చి చూసి మరుసటి సీజన్‌కు రావడం మానేస్తుంది.

పైగా గూడబాతు ఒక్కటే పక్షా? గూడబాతు, నీటికాకి పెద్ద చేపల గుంపులను వెతుక్కుని ఎంత దూరమైనా ఎగురుతాయి, చెరువుల్లో పడి తినగలుగుతాయి. తామరాకుల మీద నడిచే పిట్టకు, నామాల కోడికి, చలికాలానికి ఉత్తరాది నుంచి వచ్చే సూదితోక బాతుకు, తెడ్డుమూతి బాతుకు కావలసింది వేరు. వాటికి కిక్కిస కావాలి, నాచు కావాలి, గింజలు రాలే గడ్డి కావాలి, లోతులేని నీళ్లు కావాలి. ఒక జాతి లెక్క పెరిగిందని చూపించి మిగతా జాతుల గురించి నోరు మెదపకపోతే దాన్ని పక్షుల లెక్క అనకూడదు. అటవీశాఖ కూడా ఏటా ఒక మొత్తం అంకె చెప్పి ఊరుకుంటే చాలదు. ఏ పక్షి ఎంత, పదేళ్ల కిందట ఎంత, ఏ మూల తగ్గింది అన్న లెక్క జనం ముందు పెట్టాలి.

చేపల చెరువు పక్షికి తిండి పెడుతుందనేవాళ్లు ఒక్కసారి ఆ చెరువు గట్టు మీద నిలబడి చూడాలి. పొక్లెయిన్‌తో తవ్విన మట్టిని చుట్టూ ట్రాక్టరు తిరిగేంత వెడల్పున గట్టు పోస్తారు. లోపలి అంచు నిటారుగా దిగుతుంది, కొంగ కాలు పెట్టడానికి పల్లం ఉండదు. వలకు అడ్డం కాబట్టి మొక్క మొలవనివ్వరు. నూనె తీసిన తవుడు సంచులకు చిల్లులు పొడిచి గడలకు వరసగా కడతారు. బొచ్చెలు, శీలావతులు వచ్చి ఆ చిల్లుల్లోంచి తింటాయి. కోడిపెంట ఎరువుగా వేస్తారు. రోగం వస్తే మందులు పోస్తారు. పట్టుబడి అయ్యాక ఆ నీళ్లు వదిలేది మళ్లీ కొల్లేట్లోకే. పక్షి వాలకుండా చెరువు మీద దారాలు లాగుతారు, టపాసులు పేలుస్తారు, కాపలాకు మనిషిని పెడతారు. చేపలు పెంచేవాడి వైపు నుంచి చూస్తే ఇందులో ఆశ్చర్యం లేదు. లక్షలు పెట్టుబడి పెట్టినవాడికి పక్షి దొంగలాగే కనబడుతుంది. కానీ పక్షిని తోలడానికి కూలి ఇచ్చి మనిషిని పెట్టుకున్న చోటును పక్షుల అభయారణ్యానికి మేలు చేసే చోటు అని ఏ నోటితో అంటాం?

శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో జరిగింది కూడా మరిచిపోకూడదు. 2021 చివర, 2022 మొదట్లో అక్కడ గూడబాతులు వందకు పైగా చనిపోయాయి. పరీక్షిస్తే వాటి కడుపులో నెమటోడ్ పురుగులు బయటపడ్డాయి. తిన్న చేపల ద్వారా అవి చేరాయని, చుట్టుపక్కల చెరువుల మీదే అనుమానమని అప్పట్లో వార్తలొచ్చాయి. అది కొల్లేరు కాదు, ఆ చావులను కొల్లేరు ఖాతాలో వెయ్యను. కానీ చెరువు చేపే పక్షికి పరమాన్నం అన్నట్టు మాట్లాడేవాళ్లు ఆ గూళ్ల కింద పడి ఉన్న పక్షులను గుర్తు చేసుకుని మాట్లాడాలి.

ఇప్పుడు మనుషుల సంగతి. దీన్ని తేలిగ్గా దాటవెయ్యడానికి లేదు. కొల్లేరు ప్రేమికులమని చెప్పుకునేవాళ్లలో కొందరు కూడా ఇక్కడ తప్పు మాట్లాడతారు. "మత్స్యకారులే సరస్సును మింగేశారు" అని ఒక్క వాక్యంలో తీర్పిచ్చేస్తారు. ఆ మాటను కూడా ఖండించాల్సిందే.

సరస్సులో, దాని చుట్టూ వందకు పైగా ఊళ్లున్నాయి. కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకు పడవల మీద వెళ్లిన తరాలున్నాయి. వాళ్లు అభయారణ్యం కంటే ముందు నుంచీ ఉన్నవాళ్లు. చేపల చెరువులు తవ్వమని వాళ్లు అడగలేదు. 1976లో ప్రభుత్వమే సహకార సంఘాలు పెట్టించి, సరస్సు భూమి ఇచ్చి, చెరువులు తవ్వించింది. పేదవాళ్లకు ఉపాధి అన్నది అప్పటి ఉద్దేశం. ఆ తర్వాత జరిగింది కొల్లేరు చుట్టుపక్కల ఎవరినడిగినా చెబుతారు. చేపకు మార్కెట్ పెరిగింది, డబ్బున్నవాళ్లు వచ్చారు, సంఘాల చెరువులు లీజులకు వెళ్లాయి, కొత్త చెరువులు సంఘాలతో నిమిత్తం లేకుండానే లేచాయి. కాగితం మీద సంఘం పేరు, గట్టు మీద వేరేవాళ్ల పెత్తనం. సంఘ సభ్యుడు తన పేరున్న చెరువులోనే వల లాగే కూలీ అయ్యాడు. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి చెందిన కె. నాగేశ్వరరావు బృందం 2001 నాటి ఉపగ్రహ చిత్రాలు పరిశీలించేసరికి సరస్సులో 42 శాతం చేపల చెరువుల కిందికి వెళ్లిపోయింది. ఇంత పెద్ద పని మావులూ దోనెలూ ఉన్న మనిషి చెయ్యగలిగేది కాదు. దానికి యంత్రాలు కావాలి, పెట్టుబడి కావాలి, కళ్లు మూసుకునే అధికారులు కావాలి.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద ఆపరేషన్ కొల్లేరు జరిగింది. పేలుడు మందు పెట్టి చేపల చెరువుల గట్లు తెంచారు. చెరువు పోతే లీజుదారుడు పెట్టుబడి ఇంకోచోటికి తరలించుకున్నాడు, లంక ఊళ్ల కూలీకి వెళ్లే చోటు లేదు. పునరావాసం, ప్రత్యామ్నాయ ఉపాధి అన్న మాటలు ఆర్భాటంగా వినబడ్డాయి, చేతికి అందింది తక్కువ. అది అన్యాయం. దాన్ని అన్యాయమని ఒప్పుకోకుండా పక్షుల గురించి మాట్లాడేవాడి మాట ఆ ఊళ్లలో ఎవరూ వినరు, వినక్కరలేదు కూడా.

మూడో కాంటూరు ఆ అన్యాయాన్ని దిద్దుతుందా? అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. అయిదో కాంటూరు లోపల ఉన్నది సుమారు 77 వేల ఎకరాలు. అందులో జిరాయితీ పట్టా భూమి 15 వేల ఎకరాల లోపు. ప్రభుత్వం పేదలకిచ్చిన డి-పట్టాలు కూడా కలిపితే మూడో వంతుకు చేరదు. మిగిలినదంతా ప్రధానంగా ప్రభుత్వ భూమి, అంటే మనందరిదీ. పట్టాదారు బాధ నిజమైనదే. ఆ బాధకు మందు చట్టంలోనే ఉంది. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం ప్రకటించేటప్పుడు కలెక్టరు హక్కులను విచారించాలి, కొనసాగించగలిగినవి కొనసాగించాలి, లేని పక్షంలో పరిహారం ఇచ్చి భూమి తీసుకోవాలి. ఆ పని సక్రమంగా పూర్తిచేసి ఉంటే ఇవాళ ఈ గొడవే ఉండేది కాదు. పదిహేను వేల ఎకరాలకు పరిహారం ఇవ్వాల్సినవాళ్లు, అది ఇవ్వకుండా నలభై రెండు వేల ఎకరాల సరస్సును వదిలేస్తామంటున్నారు. పట్టాదారును ముందు నిలబెట్టి, అతని వెనకాల ప్రభుత్వ భూమిలో చెరువులు తవ్వుకున్నవాళ్లు నడిచొస్తున్నారు. లాభం ఎవరికో, పేరు ఎవరిదో గమనించండి.

సంప్రదాయ వేట మీద 1999 నోటిఫికేషన్‌కు కోపం లేదు. అది కాదన్నది చేపల చెరువులను. వల వేసుకునే మనిషికీ అభయారణ్యానికీ శత్రుత్వం ఉందని నమ్మించింది మాత్రం ఈ పాతికేళ్ల రాజకీయం. నీళ్లు పారాడే కొల్లేరులో ఆ మనిషికి వేట ఉంటుంది. గట్లతో గళ్లుగళ్లుగా కోసిన కొల్లేరులో అతనికి కూలి మాత్రమే ఉంటుంది, అది కూడా పక్కవాడు దయతలిస్తే.

అటవీశాఖను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. దాని మీద ఉన్న ఆరోపణలన్నీ మళ్లీ చెప్పడానికి నాకు మొహమాటం లేదు. 2006లో గట్లకు గండ్లు కొట్టారు గాని చాలాచోట్ల గట్లు పూర్తిగా తియ్యలేదు. గండి పూడ్చుకోవడం ఒక రాత్రి పని. నిఘా పెట్టాల్సిన సిబ్బంది చాలరు. ఉన్న కొద్దిమందికి స్థానిక నాయకుడి ఫోను వస్తే కాళ్లాడవు. పొక్లెయిన్ పట్టుబడితే కేసు డ్రైవరు మీద పడుతుంది గాని తవ్వించినవాడి దాకా వెళ్లదన్న ఆరోపణ ఏళ్లుగా ఉంది, దానికి ఇప్పటిదాకా నమ్మదగిన జవాబు రాలేదు. గుర్రపుడెక్క అల్లుకుపోయి పడవ దారులు మూసుకుపోతుంటే, ఏడాదికోసారి కొంత తీయించి ఫొటోలు దిగడంతో బాధ్యత తీరిపోతోంది.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కొల్లేరులో అటవీశాఖ చేతిలో ఉన్నది చాలా కొద్ది. నీటిమట్టం జలవనరుల శాఖది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు మోసుకొచ్చే పట్టణాల మురుగుకూ ఫ్యాక్టరీల వ్యర్థాలకూ జవాబు చెప్పాల్సింది మునిసిపాలిటీలు, కాలుష్య నియంత్రణ మండలి. భూమి రికార్డులు రెవెన్యూవి. చేపల సాగును ప్రోత్సహించేది మత్స్యశాఖ. ఒక ప్రభుత్వంలోని ఒక చెయ్యి అభయారణ్యం అంటుంది, ఇంకో చెయ్యి చెరువుకు దారి చూపిస్తుంది. ఇది ఒక రేంజరు చేతగానితనం కాదు, వరసగా వచ్చిన ప్రభుత్వాలు తెలిసి చేసిన నిర్లక్ష్యం. ఆ ప్రభుత్వాలు నడిపిన పార్టీలే ఇప్పుడు "అభయారణ్యం విఫలమైంది" అంటున్నాయి. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది.

మూడో కాంటూరు తీర్మానం సంగతి కూడా స్పష్టంగా చెప్పుకోవాలి. శాసనసభ తీర్మానం చేసింది కాబట్టి అమలు చెయ్యాల్సిందేనని కొందరు జనాన్ని నమ్మిస్తున్నారు. ఒకప్పుడు వన్యప్రాణి చట్టంలో అభయారణ్యం సరిహద్దు మార్చే అధికారం రాష్ట్ర శాసనసభ తీర్మానానికి ఉన్న మాట నిజమే. 2002 సవరణతో అది మారింది. ఇప్పుడు జాతీయ వన్యప్రాణి బోర్డు సిఫారసు లేనిదే గీత కదలదు. 2008 తీర్మానం తర్వాత కేంద్రం పక్షిశాస్త్రవేత్త పి.ఎ. అజీజ్ నాయకత్వంలో నిపుణుల కమిటీ వేసింది. ఆ కమిటీ కొల్లేరు తిరిగి, అన్ని పక్షాల మాటా విని, అయిదో కాంటూరును తగ్గించవద్దనే చెప్పింది. కుదించాలనేవాళ్లు ఈ కమిటీ పేరు ఎందుకు ఎత్తరో వేరే చెప్పనక్కరలేదు. శాస్త్రవేత్తలు వద్దన్నారు, చట్టం అంత తేలిగ్గా ఒప్పుకోదు. అయినా ప్రతి ఎన్నికకూ అదే హామీ ఇస్తారు. నెరవేరదని తెలిసిన హామీని పేదవాడి ముందు పెట్టి ఓటు అడగడం అతన్ని రెండోసారి మోసం చెయ్యడం.

పక్షుల మీద ప్రేమ లేనివాళ్లు కూడా వినాల్సిన మాట ఇంకొకటి ఉంది. మూడో కాంటూరుకీ అయిదో కాంటూరుకీ మధ్య ఉన్న రెండడుగుల్లో ఎన్ని నీళ్లు పడతాయో లెక్క కట్టండి. విస్తీర్ణం 135 నుంచి 308 చదరపు కిలోమీటర్లకు పెరుగుతుంది కాబట్టి, సగటు తీసుకుని గుణిస్తే నాలుగున్నర టీఎంసీల పైమాటే. విజయవాడ ప్రకాశం బ్యారేజీ నిల్వ సుమారు మూడు టీఎంసీలు. అంటే బ్యారేజీలో పట్టేదానికి ఒకటిన్నర రెట్ల నీటిని వరద రోజుల్లో ఏ కాంక్రీటూ లేకుండా తనలో దాచుకునే చోటు అది. దాన్ని గట్లు కట్టుకోవడానికి ఇచ్చేస్తే ఆ నీళ్లు ఎక్కడికి పోతాయి? గట్టుకు అవతల ఉన్న ఊళ్లలోకి, వరిచేలలోకి.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్‌లో జనం మేడల మీద రోజుల తరబడి ఇరుక్కుపోయారు. ఆ బుడమేరు చివరికి కలిసేది కొల్లేరులోనే. ఆ వరదకు కారణాలు చాలా ఉన్నాయి, అన్నీ కొల్లేరు మీదకు తోసెయ్యను. కానీ పైనుంచి వచ్చిన నీరు కింద సాగాలంటే కొల్లేరుకు దాన్ని తీసుకునే జాగా ఉండాలి, కొల్లేరు నుంచి సముద్రానికి దారి ఉండాలి. ఆ దారి ఉప్పుటేరు, అరవై కిలోమీటర్ల పొడవున్న ఒకే ఒక్క కాలువ. అది పూడిపోయి, ఆక్రమణలతో ఇరుకైపోయి ఉంది. 1964 వరదల తర్వాత వేసిన మిత్రా కమిటీ నాటి నుంచీ ఉప్పుటేరు బాగుచేత గురించి వింటూనే ఉన్నాం. కొల్లేటి నీళ్లు నెమ్మదిగా పోవడంతో వరదరోజుల్లో లంక ఊళ్లు మునుగుతాయి. ఎండాకాలం మంచినీటి రాక తగ్గగానే పోటు వెంట ఉప్పునీరు వెనక్కి ఎగదన్నుతుంది. కొల్లేరులో మనిషికీ పక్షికీ ఒకేసారి మేలు చేసే పని ఏదైనా ఉందంటే అది ఇదే. ఓట్ల కోసం కాంటూరు పట్టుకుని ఊగులాడే నాయకులు ఉప్పుటేరు పేరెత్తితే మాత్రం నిధులు లేవంటారు.

ఇన్ని చెప్పాక కూడా "మరి ఏం చెయ్యమంటారు?" అనేవాళ్లుంటారు. కొత్తగా కనిపెట్టాల్సింది లేదు. అయిదో కాంటూరు గీతను రాళ్లు పాతి, ఊరివాళ్ల ఎదుట, మ్యాపు చేతికిచ్చి గుర్తించాలి. పట్టాదారుల జాబితా ప్రకటించి పరిహారం ఇవ్వాలి, భూమి ఉంచుకుంటామనేవాళ్లకు చెరువు కాని సాగును నోటిఫికేషన్‌కు లోబడి చేసుకోనివ్వాలి. ప్రభుత్వ భూమిలోని గట్లకు గండి కొడితే సరిపోదు, మట్టి ఎత్తి నేల మట్టం చెయ్యాలి. సంప్రదాయ వేటకు లంక ఊళ్ల వాళ్లకే హక్కు పత్రాలివ్వాలి, లీజుకిస్తే రద్దయ్యేలా. కేసు తవ్వినవాడి మీద కాదు, తవ్వించినవాడి మీద పెట్టాలి. ఇందులో ఏ ఒక్కదానికీ కాంటూరు తగ్గించాల్సిన పని లేదు.

కొల్లేరు మీద రాసే విలేఖరులకూ ఒక విన్నపం. "కాంటూరు కుదింపు కోసం ప్రజల ఎదురుచూపు" అని శీర్షిక పెట్టేముందు ఆ ప్రజల్లో పట్టాదారు ఎవరు, సంఘ సభ్యుడు ఎవరు, లీజుదారుడు ఎవరు అని విడగొట్టి అడగండి. ముగ్గురూ ఒకే మాట చెప్పరు.

ఈ వ్యాసం చదివే కొల్లేటి ఊళ్ల వాళ్లకు చెప్పేది ఒకటే. ఈసారి మీ ఊరి సభలో ఏ నాయకుడైనా లేచి మూడో కాంటూరు తెస్తానంటే, అభయారణ్యం లోపలి పట్టా భూములకు పరిహారంగా ఈ ఏడు బడ్జెట్టులో ఎంత కేటాయించారో, ఉప్పుటేరు పూడిక తీయడానికి ఎంత పెట్టారో మైకు ముందే అడగండి. అంకె చెప్పించుకోకుండా ఆయన్ని వేదిక దిగనివ్వకండి.